మాట వినని చేతులు

మా ఊళ్ళో ఆడపిల్లకి తుపాకీ కొనాలంటే ముందు మగవాళ్ళు వచ్చి నా కొట్లో నిలబడతారు. మొగుడో, తండ్రో, అన్నో, ఎవరూ లేకపోతే చర్చిలో పక్క బెంచీ మీద కూర్చునే పెద్దమనిషో. మోసుకు తిరగాల్సిన పిల్లేమో వాళ్ళ వెనక నిలబడి చేతిసంచీ సర్దుకుంటూ ఉంటుంది. వీళ్ళు అద్దాల బల్లలోకి తొంగిచూసి, చిన్నగా, ముద్దుగా ఉన్నదేదో ఏరి పెడతారు. చిన్న చెయ్యికి చిన్న తుపాకీ అని వీళ్ళ లెక్క. ఈ లెక్క ఎవడు కనిపెట్టాడో గానీ, ఓక్లహోమాలో సగం జీవితం పిస్టల్ కాల్చడం నేర్పుతూ గడిపిన నాకు వాడు ఎదురుపడితే నాలుగు దులిపేస్తాను.

వెండెల్ ప్రూయిట్ కూడా అలాగే వచ్చాడు. వెండెల్, నేను ఒకే బడిలో చదువుకున్నాం. పశువుల లారీలు తోలి తోలి నడుం పోగొట్టుకున్నాడు గానీ మొండితనం మాత్రం పోగొట్టుకోలేదు. వాళ్ళమ్మ రివాల్వర్ ఒకటి ఉన్ని మేజోడులో చుట్టి తెచ్చి నా బల్ల మీద పెట్టాడు.

"దీన్ని లోపల శుభ్రం చేసివ్వు వెర్నా. షెల్బీకి ఇస్తున్నాను," అన్నాడు.

షెల్బీ వాడి ఒక్కగానొక్క కూతురు. ముప్పై దాటింది. ఇళ్ళకి వెళ్ళి మంచాన పడ్డ ముసలివాళ్ళకి మందులిచ్చి, కట్లు మార్చే నర్సు. రోజంతా కంకర రోడ్ల మీద ఒంటరి కారు ప్రయాణం. మొగుడు ట్రెంట్ ఆమె ఎడమ మణికట్టుని ట్రక్కు తలుపులో పెట్టి విరగ్గొట్టి జైలుకి వెళ్ళాడు. జింకల వేట మొదలయ్యేలోపు బయటికొస్తున్నాడు. ఆ సంగతి ఊరందరికీ తెలుసు.

"శుభ్రం చెయ్యడానికేముంది. ఎవరికోసం అడుగుతున్నావో ఆ మనిషిని మాట్లాడనివ్వు," అన్నాను.

వాడి వెనక నిలబడ్డ షెల్బీ ముందుకొచ్చింది. "వాడు నా దగ్గరికి రాకూడదని కోర్టు కాగితం ఇచ్చింది మిస్ వెర్నా. కాగితం చదివేవాళ్ళకి పనికొస్తుంది. ట్రెంట్‌కి చదివే అలవాటు లేదు. నాకు ఇది నేర్చుకోవాలని ఉంది. సరదాకి కాదు."

గొంతు పెంచలేదు, కళ్ళనీళ్ళు పెట్టుకోలేదు. మూర్ఛ రోగికి ఎంత మందు ఇవ్వాలో చెప్పేటప్పుడు ఎలా చెప్తుందో అలా చెప్పింది. ఆ పిల్ల నాకు అప్పుడే నచ్చేసింది.

కొట్టు వెనక మట్టికట్ట పోసి, కాల్చడం నేర్పడానికి కట్టుకున్న రేంజికి తీసుకెళ్ళాను. వెండెల్ కూడా బయల్దేరాడు, వద్దన్నా ఆగడు. రివాల్వర్ ఆమె చేతికిచ్చి కాల్చమన్నాను. అది పిడికెడంత ఉంటుంది, తేలిక. తేలికగా ఉంటే తన్నే తన్నంతా చేతిలోకే వస్తుందని మా మగవాళ్ళకి ఎన్నిసార్లు చెప్పినా తలకెక్కదు. మొదటి గుండు గురి కాగితం అంచుని తాకింది. రెండోది మట్టిలోకి పోయింది. ఆ తర్వాత షెల్బీ ఎడమచెయ్యి పొట్టకి అదుముకుని పెదవి కొరుక్కుంది.

"అలవాటవుతుందిలే," అన్నాడు వెండెల్. "మా అమ్మ దీంతోనే కోళ్ళగూట్లో పాముల్ని కొట్టేది."

"కొట్టింది, నేనూ చూశాను. ఆ పాములేవీ ముందు మీ అమ్మ చెయ్యి విరగ్గొట్టి రాలేదు కదా," అన్నాను.

వెండెల్ టోపీ సవరించుకున్నాడు.

లోపలికొచ్చి నాలుగు పిస్టళ్ళు బల్ల మీద పరిచాను. చిన్న పిస్టల్ స్ప్రింగు బిగువుగా ఉంటుంది. తూటా ఎక్కించడానికి పై భాగం వెనక్కి లాగాలంటే బలం కావాలి. షెల్బీ మణికట్టులో విరిగిన ఎముకకి డాక్టర్లు బిగించిన ఉక్కు రేకు ఉంది, లాగలేకపోయింది. కొంచెం పెద్దది, కొంచెం బరువైనది ఇచ్చాను. "ఎడమ చేత్తో లాగకు. పట్టుకుని ఊరికే ఉంచు. కుడిచేత్తో తుపాకీని ముందుకి తొయ్యి," అని చెప్పాను. తోసింది. పై భాగం హాయిగా వెనక్కి జారింది. ఆమె మొహంలో నవ్వు చూడటం అదే మొదలు.

"ఇంత పెద్దదా? ఎక్కడ దాచుకుంటుంది?" అన్నాడు వెండెల్.

"ఆ చింత నాది."

"సంచీలో పెట్టుకోమను."

"సంచీ ఎవడైనా లాక్కుపోతే తుపాకీ కూడా ఇచ్చేసినట్టే. రోగుల ఇళ్ళలో పిల్లలు సంచీలో చెయ్యి పెడితే ఏం చేస్తావు? ఒంటి మీద ఉండాలి, ఉన్నంతసేపూ ఒకేచోట ఉండాలి."

నర్సు బట్టలకి నాడా తప్ప బెల్టు ఉండదు. మామూలు ఒర తగిలిస్తే పైజమా మోకాళ్ళ దాకా జారుతుంది. అందుకని నడుముకి చుట్టుకునే వెడల్పాటి సాగే పట్టీ, దానికి ట్రిగ్గర్‌ని పూర్తిగా కప్పేసే గట్టి ప్లాస్టిక్ ఒర ఎంచాం. పైన వదులు చొక్కా. షెల్బీ కొట్లోనే అటూ ఇటూ నడిచింది, వంగింది, నేల మీద కూర్చుని లేచింది, ముసలమ్మని మంచం మీంచి లేపుతున్నట్టు చేతులు చాపింది. ఎక్కడా పొడుచుకురాలేదు, ఎక్కడా జారలేదు. బేరమంతటిలో ఆమె ఎక్కువసేపు తీసుకున్నది దానికే.

ఇక గురి సంగతి. పిస్టల్ మీద చిన్న అద్దం కిటికీ బిగించి చూపించాను. అందులో ఎర్ర చుక్క ఒకటి వెలుగుతుంది. చుక్క ఎక్కడుంటే గుండు అక్కడికి. వెండెల్ దాన్ని చూసి మొహం చిట్లించాడు.

"ఇదేమన్నా వీడియో గేమా?"

"నీ జింకల రైఫిల్ మీద దుర్భిణీ లేదూ?"

"అది రైఫిల్."

"ఇది నీ కూతురు."

షెల్బీ పక్కకి తిరిగి దగ్గింది, నవ్వు దాచుకోడానికి.

చుక్కతో మొదటి వారం అందరూ చేసే తప్పే తనూ చేసింది. పిస్టల్ ఎత్తగానే కిటికీలో చుక్క కనపడదు. అది ఎక్కడికి పోయిందా అని పిస్టల్ మూతిని పైకీ కిందకీ ఊపుతూ వెతుకుతుంది. పోగొట్టుకున్న చెవికమ్మ వెతుకుతున్నట్టు ఉంటుంది ఆ వరస. నేను అద్దానికి అవతల, కాగితం వైపు, నల్ల టేపు అంటించేశాను.

"ఇప్పుడు దేన్నీ చూడలేను కదా," అంది.

"రెండు కళ్ళూ తెరిచి కాగితాన్ని చూడు. అద్దాన్ని పట్టించుకోకు. ఎదటివాడి మీద నుంచి చూపు తీశావంటే నువ్వు చుక్క వెతుక్కునేలోపు వాడు నీ మీద ఉంటాడు. చూపు అక్కడ ఉంచి తుపాకీని కంటి దగ్గరికి తీసుకురా. చుక్కే వస్తుంది."

వచ్చింది. ఒక కన్ను కాగితాన్ని చూస్తుంటే, రెండో కంటికి కనపడే చుక్క దాని మీద వచ్చి కూర్చుంటుంది. షెల్బీ పిస్టల్ దించి, మళ్ళీ ఎత్తి, మళ్ళీ దించి, "వచ్చింది మిస్ వెర్నా, నేను వెతకలేదు," అని పదిమందికి చెప్తున్నట్టు చెప్పింది. ఆ రోజు తర్వాత ఎవరూ ఆమెని వెనక్కి లాగలేకపోయారు. ఇంట్లో తూటాలన్నీ కారు డిక్కీలో పెట్టి తాళం వేసి, ఖాళీ పిస్టల్‌తో పడకగది గోడ ముందు రోజూ సాధన. మంగళవారం, శనివారం పొద్దున్నే నా దగ్గర. రాత్రంతా రోగి దగ్గర కూర్చుని వచ్చినా మానేది కాదు.

నేను మొదట నేర్పేది కాల్చడం కాదు, తప్పుకుని వెళ్ళిపోవడం. దారి ఉంటే వెళ్ళిపో. దూరం పెంచు. మధ్యలో కారో, గోడో, చెట్టో ఉంచుకో. 'అక్కడే ఆగు' అని వీధంతా వినపడేలా చెప్పు. పోలీసులకి ఫోన్ చెయ్యి. పిస్టల్ తియ్యడం ఇవన్నీ అయిపోయాక, ప్రాణం మీదికొచ్చాక. ఇది చెప్పినప్పుడు కుర్రాళ్ళకి ఆవులింతలు వస్తాయి. షెల్బీకి రాలేదు. అరుపు కూడా గట్టిగానే అరిచేది. నేను ఎదురుగా నడుచుకుంటూ వెళ్తే వెనక్కి జరిగి, చెయ్యి అడ్డం పెట్టి, నన్ను ఆపేసేది. ఈ పిల్లకి ఇంక ఢోకా లేదని నేను అనుకున్నాను.

ఒక శనివారం వెండెల్ రొట్టెలూ సాసేజీలూ వెండి కాగితంలో చుట్టి తెచ్చాడు. షెల్బీ కాగితం ముందు నిలబడి ఉంది. పిస్టల్ అప్పుడే చేతిలోకి వచ్చింది, ఇంకా కాల్చలేదు. వెనక బెంచీ దగ్గర నుంచి వెండెల్ కొంచెం గట్టిగా పిలిచాడు.

"షెల్బీ, అది కింద పెట్టి ఇటు రా."

తినడానికి పిలిచాడు, అంతే. షెల్బీ పిస్టల్‌ని బల్ల మీద పెట్టేసింది. భుజాలు ముడుచుకుని, చూపు నేల మీద పెట్టి, వాడి వైపు నడిచింది. నడక కూడా ఆమెది కాదు. గంట క్రితం నన్ను అరిచి ఆపిన మనిషి ఎక్కడికి పోయిందో నాకు అర్థం కాలేదు. సగం దూరంలో తనే ఆగిపోయి, చేతుల వైపు చూసుకుంది.

నాకు వెండెల్ మీద కోపం వచ్చింది, కాల్చేవాళ్ళని వెనక నుంచి పిలవకూడదని తెలిసి పిలిచినందుకు. ఆ కోపం వెంటనే భయంలోకి దిగింది.

"షెల్బీ, ఇప్పుడేం జరిగింది?" అన్నాను.

"తెలీదు. మగ గొంతు కింద పెట్టమంది. చేతులు పెట్టేశాయి." బెంచీ మీద కూర్చుంది. "ట్రెంట్ అరవడు మిస్ వెర్నా. అందరూ అరుస్తాడనుకుంటారు. మెల్లగా చెప్తాడు, డాడీ ఇప్పుడు చెప్పినట్టే. వాడు చెప్తే నేను చేసేస్తాను. చేశాక గానీ చేసినట్టు తెలీదు."

వెండెల్ చేతిలో రొట్టె పొట్లం అలాగే ఉండిపోయింది.

అప్పటికి ట్రెంట్ రావడానికి ఎక్కువ రోజులు లేవు. గురి కుదిరింది, చుక్క కుదిరింది, ఒర కుదిరింది. వాడొచ్చి మెల్లగా 'కింద పెట్టు' అంటే అవన్నీ తీసి వాడి చేతిలో పెట్టేస్తుంది. అదే జరిగితే ఆ పిస్టల్ ఆమెకి లేకపోవడమే నయం. ఆ మాట ఆమెతోనే అన్నాను. మనసులో పెట్టుకుని తీపి మాటలు చెప్పడం నాకు చేతకాదు.

"అయితే దీన్ని కూడా నేర్పండి," అంది షెల్బీ.

"కాగితం మాట్లాడదు. నా గొంతు పనికిరాదు, నేను ఆడదాన్ని."

ఇద్దరం వెండెల్ వైపు చూశాం.

"నేనా? వాడిలా నేను మాట్లాడాలా?"

"వాడు నీ దగ్గరే నేర్చుకున్నాడు డాడీ, అలా మాట్లాడటం. ట్రక్కులో, వేటలో, అంతటా నీ వెనకే తిరిగాడు," అంది షెల్బీ.

అది నిజం. కొడుకులు లేని వెండెల్ ఆ ట్రెంట్‌ని నెత్తిన పెట్టుకున్నాడు. ప్రతి నవంబరు ఇద్దరూ కలిసే జింకలకి వెళ్ళేవాళ్ళు. పెళ్ళిలో నా కూతురికి మొగుడు దొరికాడనలేదు, నాకు కొడుకు దొరికాడన్నాడు. కూతురి చెయ్యి విరిగాక మాత్రం వాడి పేరు ఎత్తడం మానేశాడు.

వెండెల్ రెండు రోజులు మొహం చూపించలేదు. మూడో రోజు మంగళవారం. పొద్దున్నే వచ్చి, "ఏమనాలో చెప్పండి," అన్నాడు.

ఆ సాధనకి నా నిబంధనలు నాకున్నాయి. నిజం పిస్టళ్ళు, తూటాలు కొట్లో ఇనప బీరువాలో పెట్టి తాళం వేశాను. ముగ్గురి జేబులూ నేనే తడిమి చూశాను, నావి కూడా వాళ్ళతో తడిమించాను. షెల్బీ ఒరలో ఉన్నది పిస్టల్ ఆకారంలో ఉన్న, పేలని నీలం ప్లాస్టిక్ ముద్ద. ఆమె కారుని ఆవరణ మధ్యలో పెట్టి, పని ముగించుకుని కారు దగ్గరికి వస్తున్నట్టు నడవమన్నాను. వెండెల్ అటుపక్క నుంచి రావాలి.

"మొదటిది, 'షెల్, తాళాలు బల్ల మీద పెట్టు,' " అంది షెల్బీ.

వెండెల్ అన్నాడు. ఆమె చేతిలో కారు తాళాలు కింద పడిపోయాయి. వంగి తీసుకుని, వెనక్కి వెళ్ళి, మొదటి చోట నిలబడింది. మళ్ళీ అనమంది. ఈసారి తాళాలు పడలేదు గానీ కాళ్ళు కదల్లేదు. మళ్ళీ అనమంది. ఆ పొద్దున ఆ ఒక్క మాటే ఎన్నిసార్లు అనిపించిందో నేను లెక్కపెట్టలేదు. ఆఖరికి తాళాలు పిడికిట్లోనే ఉన్నాయి, కారు మధ్యలో పెట్టుకుని వెనక్కి జరిగింది, 'అక్కడే ఆగు' అనే మాట గొంతు దాటి బయటికి వచ్చింది.

తర్వాతి సాధనల్లో ట్రెంట్ అనే మాటలు ఒక్కొక్కటీ బయటపెట్టింది. 'నువ్వేం తిన్నావో నాకు చెప్పి తిన్నావా?' 'ఆ చొక్కా విప్పి వేరేది వేసుకో, జనం నవ్వుతారు.' 'నేను ముట్టుకోకముందే ఏడుస్తావేం?' ఒక్కోటి అనే ముందు వెండెల్ కళ్ళు మూసుకునేవాడు. ఇంట్లో అల్లుడు ఏం చేశాడో వెండెల్‌కి డాక్టరు చెప్పిన మేరకే తెలుసు. ఏమన్నాడో తెలీదు. ఇప్పుడు తన నోటి నుంచే వింటున్నాడు.

ఒకరోజు షెల్బీ చెప్పింది, " 'ఎవరికి ఫోన్ చేస్తావు? మీ నాన్నకా? ఆయన నా వైపు.' "

వెండెల్ అనలేకపోయాడు. టోపీ తీసి ట్రక్కు మీద పెట్టి, కట్ట వైపు నడిచి వెళ్ళి, అక్కడ అటు తిరిగి నిలబడ్డాడు. నేను వెళ్ళబోతే షెల్బీ నా మోచెయ్యి పట్టుకుంది. ఆయనే వస్తాడంది. చాలాసేపటికి వచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఆ మాట అన్నాడు, పూర్తిగా, మెత్తగా. షెల్బీ ఒక్క అడుగు కూడా తప్పకుండా కారు వెనక్కి జరిగింది. వాడు కారు చుట్టూ తిరిగి మీదికొస్తే నీలం ముద్ద బయటికి వచ్చింది, చూపు వాడి మీద నుంచి చెదరలేదు.

"బాగుంది," అన్నాను. నేను ఆ మాట ఊరికే అనను.

ఆఖరి శనివారం చలిగా ఉంది. ట్రెంట్ ఆ వారంలోనే బయటికొస్తున్నాడు. ఆ పొద్దున ఉన్న మాటలన్నీ వరసగా, తారుమారుగా, దగ్గర నుంచి, దూరం నుంచి అనిపించాం. ఒక్కదానికీ ఆమె చేతులు లొంగలేదు. నాకు గుండె నిండింది. ఇంక చాలు, లోపలికెళ్ళి కాఫీ తాగుదామన్నాను.

"ఇంకొకటి ఉంది," అంది షెల్బీ.

"చెప్పు తల్లీ. వాడింకేమనేవాడు?" అన్నాడు వెండెల్. వాడికి అప్పటికి కొంచెం ధైర్యం చిక్కింది, అన్నీ అనేశాను కదా అని.

"వాడివి అయిపోయాయి డాడీ."

"మరి?"

"వాడి మాటలకి భయపడి ఇంట్లో పడి ఉన్నాను గానీ, ఒకసారి బయటికొచ్చాక వాడి మాటలకి తిరిగి వెళ్ళలేదు. రెండుసార్లు వచ్చేశాను కదా. రెండుసార్లూ నీ వంటింట్లోనే ఉన్నాను, నా బట్టల సంచీతో. తిరిగి వెళ్ళింది నీ మాట మీద."

ఏ మాట అని వెండెల్ అడగలేదు.

"నిన్ను తిట్టడానికి కాదు," అంది షెల్బీ. "వాడికి ఆ మాట తెలుసు. నీ ఎదుటే నిలబడి విన్నాడు. వాడు వస్తే అదే అంటాడు, లేకపోతే ఎవరి చేతైనా అనిపిస్తాడు. నాకు అన్నిటికన్నా అదే అలవాటు కావాలి."

నేను కలగజేసుకోవాలనుకున్నాను. వెండెల్ నా వైపు చూశాడు, నేను తల దించుకున్నాను.

వాడు ట్రక్కు పక్కకి వెళ్ళి నిలబడ్డాడు. షెల్బీ తాళాలు చేతిలో పట్టుకుని కారు వైపు నడిచింది.

"ఇంటికి వెళ్ళు తల్లీ. వాడు మారాడు," అన్నాడు వెండెల్, కాగితం చూసి చదివినట్టు.

షెల్బీ ఆగి తల అడ్డంగా ఊపింది. "అలా కాదు డాడీ. అప్పుడన్నట్టు. ప్రేమగా."

వెండెల్ అరచేత్తో మొహం తుడుచుకున్నాడు. ఊపిరి తీసుకున్నాడు. ఈసారి నిజంగానే ఆ వంటింట్లో నిలబడ్డట్టు అన్నాడు. చంటిపిల్లకి దుప్పటి కప్పేటప్పటి గొంతు అది. "ఇంటికి వెళ్ళు తల్లీ. వాడు మారాడు. నేను మాట్లాడాను కదా."

షెల్బీ కాళ్ళు వాడి వైపు రెండడుగులు వేశాయి. తాళాలు పట్టుకున్న చెయ్యి కిందికి దిగిపోయింది. ఆమె ఆగింది, తన కాళ్ళని తనే చూసుకుంది, వెనక్కి వెళ్ళి మొదటి చోట నిలబడింది.

"మళ్ళీ అను," అంది.

వెండెల్ మళ్ళీ అన్నాడు. కన్నీళ్ళు గడ్డంలోకి కారుతున్నాయి, తుడుచుకోలేదు, గొంతులో ప్రేమ తగ్గించలేదు. అంటూనే చేతులు చాపి ఆమె వైపు నడిచాడు. షెల్బీ కారుని మధ్యలో ఉంచుకుని వెనక్కి జరిగింది. కుడిచెయ్యి చొక్కా అంచు మీదికి వెళ్ళి అక్కడ నిలిచింది. చూపు తండ్రి మొహం మీదే ఉంది.

"అక్కడే ఆగు," అంది.

ఆవరణ గోడ అవతల రోడ్డు మీద పోయే వాళ్ళకి కూడా వినపడి ఉంటుంది. వెండెల్ ఆగిపోయాడు. చాపిన చేతులు అలాగే గాల్లో ఉన్నాయి.

"మళ్ళీ, డాడీ," అంది షెల్బీ.